బ్యాగ్ ఖాళీగా వస్తోంది, పాప ఏం నేర్చుకుంటోంది? ఆరు నుంచి తొమ్మిదేళ్ల మాంటిస్సోరి తరగతి గురించి

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంత చెప్తాను. పాపకు ఏడున్నరేళ్లు. మూడేళ్లప్పటి నుంచి హైదరాబాద్‌లో ఒక మాంటిస్సోరి స్కూల్లోనే ఉంది, ఇప్పుడు లోయర్ ఎలిమెంటరీలో, అంటే ఆరు నుంచి తొమ్మిదేళ్లవాళ్లు కలిసి ఉండే తరగతిలో, రెండో ఏడు. టెక్స్ట్‌బుక్కులు లేవు, హోంవర్క్ లేదు, పరీక్షలు లేవు. "ఈరోజు ఏం చేశావు" అంటే "ఏం లేదు" అంటుంది. మొన్న తరగతి చూడ్డానికి రమ్మంటే వెళ్లారు, మీరున్న అరగంటా పాప పని వదిలేసి గదంతా తిరుగుతూ కనిపించింది. అదే వయసున్న మీ ఆడపడుచు కొడుకు పదిహేనో ఎక్కం దాకా గడగడా అప్పజెబుతున్నాడు. అత్తయ్యగారు రోజూ ఆ మాటే ఎత్తుతున్నారు. స్కూలు మార్చాలా, ట్యూషన్ పెట్టాలా, నాలుగో తరగతిలో మామూలు స్కూలుకు వెళ్తే తట్టుకుంటుందా అని మీ టెన్షన్.

నేను ఈ వయసు పిల్లల తరగతిలోనే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. మీరు రాసినంతలో స్కూలు మార్చాల్సిన కారణం ఒక్కటీ నాకు కనిపించలేదు. అలాగని అంతా బాగుందని చెప్పడానికీ అది చాలదు. మీరు చెప్పినవి చాలావరకు ఇంటికి వచ్చేవాటి గురించే: బ్యాగు, నోటుబుక్కు, పాప చెప్పే మాట. ఈ తరగతిలో చదువంతా పొద్దున పూట అంతరాయం లేకుండా సాగే మూడు గంటల్లో, ఆ గదిలో జరుగుతుంది. అక్కడ ఏం చూడాలో తెలిస్తే మీ స్కూలు సంగతి మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు వయసు సంగతి. చిన్న తరగతిలో ఉన్నప్పుడు మీ పాప ఒక్కతే చాప పరుచుకుని, ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసి, తుడిచి, సర్దిపెట్టి ఉంటుంది. ఆరు దాటాక ఆ పిల్లే వేరే మనిషి అవుతుంది. పాలపళ్లు ఊడతాయి, కాళ్లు సాగుతాయి, సర్దుకోవడం మీద శ్రద్ధ తగ్గుతుంది, ఒక్కతే కూర్చోమంటే కూర్చోదు, చెప్పిన ప్రతిదానికీ "ఎందుకు, ఎలా" అని తగులుకుంటుంది. ఇది చెడిపోవడం కాదు. ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి ఆరు నుంచి పన్నెండేళ్ల వయసును ప్రత్యేక దశగా చూసింది ఈ మార్పు వల్లే. ఈ వయసుకు ఆవిడ ఆలోచించిన చదువు చాలావరకు మన దేశంలోనే రూపుదిద్దుకుంది. 1939లో కొడుకు మారియోతో కలిసి మద్రాసు అడయారుకు వచ్చారు. యుద్ధంలో ఇటలీ బ్రిటన్‌కు శత్రుదేశం కావడంతో తిరిగి వెళ్లే దారి లేక 1946 దాకా ఇక్కడే ఉన్నారు. మధ్యలో రెండేళ్లు కొడైకెనాల్‌లో ఉండి, అక్కడ కాస్త పెద్ద పిల్లలతో పనిచేశారు. ఈ వయసు పిల్లలకు ముందు మొత్తం విశ్వాన్నే కథగా చెప్పి, అందులోంచి ఒక్కో విషయంలోకి వాళ్లను పోనివ్వాలన్న పద్ధతి ఆ రోజుల్లోనే గట్టిపడింది.

అందుకే మీ పాప తరగతిలో ఏటా మొదట్లో పెద్ద కథలు చెప్తారు. మొత్తం ఐదు: విశ్వం పుట్టుక, భూమి మీద జీవం, మనిషి రాక, రాత కథ, అంకెల కథ. మొదటి కథ రోజు గది కాస్త చీకటి చేసి, చిన్న చిన్న ప్రయోగాలతో చెప్తాం. నూనె, నీళ్లు, తేనె ఒకే గాజు గ్లాసులో పోస్తే బరువైనది అడుగుకు ఎలా దిగుతుందో చూపిస్తాం, భూమిలో ఇనుము లోపలికి ఎందుకు పోయిందో అప్పుడు చెప్తాం. కథ అయ్యాక ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టం. మర్నాడు ఒకరు అగ్నిపర్వతాల పుస్తకం తీస్తారు, ఇద్దరు గ్రహాల దూరాలు కొలవడానికి దారం అడుగుతారు, ఒకడు నాలుగు రోజులదాకా ఏమీ చెయ్యడు, ఐదో రోజు వచ్చి "సూర్యుడు ఆరిపోతే మనం ఎక్కడికి వెళ్తాం ఆంటీ" అంటాడు. వాడి పని అక్కడ మొదలవుతుంది.

ఈ పని గది దాటి బయటికీ వెళ్తుంది. రాత కథ విన్నాక మా పిల్లలు కొందరు ఈజిప్టు బొమ్మల లిపి మీద పడ్డారు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నిజమైన ఈజిప్టు మమ్మీ ఉంది. దాన్ని చూసి రావాలని ఆ గుంపే నిర్ణయించుకుంది. టికెట్ ఎంత, సెలవు ఏ రోజు, మెట్రోలో ఎక్కడ దిగాలి, వెంట ఎవరొస్తారు, అన్నీ వాళ్లే ఫోన్ చేసి కనుక్కుని కాగితం మీద రాసుకున్నారు. వెళ్లొచ్చాక మన లిపి ఎక్కడ మొదలైందని అడిగితే భట్టిప్రోలు స్తూపంలో దొరికిన బ్రాహ్మీ అక్షరాల ఫొటోలు చూపించాం. మన అక్షరాలకు రెండు వేల ఏళ్లకు పైబడిన చరిత్ర ఉందని ఏడేళ్ల పిల్లలు ఇలా తెలుసుకుంటారు. ఇందులో ఒక్క కాగితం కూడా ఇంటికి రాలేదు. ఆ చార్టు గోడకే ఉంది.

ఇక లెక్కల దగ్గరికి వస్తాను, మీ అసలు భయం అక్కడే కదా.

ఏడో ఎక్కం తీసుకోండి. మా గదిలో దానికి తెల్ల పూసల గొలుసు ఉంటుంది. ఒక్కో కడ్డీకి ఏడు పూసలు, అలాంటి కడ్డీలు నలభై తొమ్మిది, మొత్తం 343 పూసలు. నేల మీద పొడుగ్గా పరిచి 7, 14, 21 అంటూ కాగితపు చీటీలు పెట్టుకుంటూ పోవాలి. ఒకరోజు ఏడేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు ఈ పని పెట్టుకున్నారు. గొలుసు చివరికి వచ్చేసరికి పూసలు అయిపోయాయి, 343 అని రాసిన చీటీ మాత్రం పాప చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాప మొదటి నుంచి ఎంచుదామంది. బాబు కాసేపు ఆలోచించి, అలమర దగ్గరికి వెళ్లి, ఒక్కోదానిలో నలభై తొమ్మిది పూసలుండే చదరాలు ఏడు తెచ్చాడు. ఒక్కో చదరాన్ని ఏడు కడ్డీల పక్కన పెట్టుకుంటూ వచ్చాడు. మొదటి చదరం చివర 49 చీటీ ఉంది, సరే. రెండోదాని దగ్గర 98, మూడోదాని దగ్గర 147. నాలుగో చదరం చివర 196 ఉండాల్సిన చోట 189 ఉంది. "తప్పు ఇక్కడే, ఈ ముక్కలోనే" అన్నాడు. 147 తర్వాత ఒక కడ్డీ వదిలేసి పక్కదానికి 154 పెట్టారు. సరిచేసుకుని చివరిదాకా వెళ్లారు. నేను గదికి అటు చివర ఇంకో గుంపుతో ఉన్నాను, ఒక్క మాటా చెప్పలేదు. తప్పు దిద్దింది ఆ మిగిలిపోయిన చీటీ.

ఆ పొద్దున ఆ ఇద్దరూ ఏడో ఎక్కం నేర్చుకున్నారు. ఏడు ఏడులు నలభై తొమ్మిది, అలాంటి ఏడు నలభై తొమ్మిదులు 343 అని కళ్లారా చూశారు. తప్పు ఎక్కడుందో మొత్తం వెతక్కుండా పట్టుకునే ఉపాయం కూడా కనిపెట్టారు. ఇంటికి వెళ్లాక వాళ్లమ్మ అడిగితే "ఏం లేదు, పూసలు పెట్టాం" అనే అని ఉంటారు. ఈ వయసులో పిల్లలకు రోజంతా జరిగినదాన్ని కుదించి చెప్పడం రాదు. "ఎవరితో కూర్చున్నావు? చాప ఎక్కడ పరిచారు? చివర్లో సరిపోయిందా?" అని అడిగి చూడండి, మాటలు వస్తాయి.

భాగహారం ఇంకా బాగుంటుంది. 732ను ముగ్గురికి పంచాలి అనుకోండి. పాప దగ్గర చిన్న చెక్క బిళ్లలుంటాయి: ఎర్రవాటి మీద 100, నీలం వాటి మీద 10, పచ్చవాటి మీద 1 అని రాసి ఉంటుంది. మూడు చిన్న చెక్క బొమ్మలు నిలబెడుతుంది, వాళ్లే ముగ్గురు మనుషులు. ఏడు ఎర్ర బిళ్లలు పంచితే తలా రెండు వస్తాయి, ఒకటి మిగులుతుంది. ఆ వందను బ్యాంకుకు, అంటే బిళ్లల పెట్టెకు, ఇచ్చి పది నీలం బిళ్లలు తెచ్చుకుంటుంది. ఉన్న మూడుతో కలిపి పదమూడు. తలా నాలుగు, ఒకటి మిగులు. దాన్ని మార్చి పది పచ్చవి తెస్తుంది, మొత్తం పన్నెండు, తలా నాలుగు. ఒక మనిషికి వచ్చింది 244. అదే జవాబు. మామూలు స్కూళ్లలో "మిగిలింది కింద రాయి, పైనుంచి అంకె దించు" అని నేర్పుతారు. అంకె ఎందుకు దించుతున్నారో చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. ఈ పాపకు తెలుసు, తనే బిళ్ల మార్చుకొచ్చింది కాబట్టి. కొన్ని నెలలు ఇలా చేశాక ఒకరోజు బిళ్లలు తియ్యకుండానే కాగితం మీద చేసేస్తుంది. ఆ రోజు పిల్లను బట్టి వస్తుంది, మనం తొందరపెడితే అర్థం పోయి వరసలు మాత్రం మిగులుతాయి.

భాష గురించి క్లుప్తంగా చెప్తాను. వ్యాకరణాన్ని రంగు గుర్తులతో నేర్పుతాం. నామవాచకానికి పెద్ద నల్ల త్రిభుజం, విశేషణానికి నీలం త్రిభుజం, క్రియకు ఎర్రటి గుండ్రం. "ఎర్ర బంతి దొర్లింది" అని రాసి మాటల మీద గుర్తులు పెడతారు. తెలుగు వాక్యాల్లో ఎర్ర గుండ్రం దాదాపు ఎప్పుడూ చివర్లోనే పడుతుందని, ఇంగ్లీషులో మధ్యలోకి వస్తుందని పిల్లలే పట్టుకుంటారు. పాప దగ్గర ఒక తెలుగు కథల పుస్తకం నుంచి రెండు వాక్యాలు తీసుకుని గుర్తులు పెట్టి చూపించమనండి. ఇష్టంగా చేస్తుంది.

ఇప్పుడు మీరు వెళ్లిన రోజు సంగతి. ఎన్ని గంటలకు వెళ్లారో రాయలేదు. పది, పదింపావు ప్రాంతంలో అయితే మీరు చూసింది ప్రతి మంచి మాంటిస్సోరి గదిలోనూ రోజూ జరిగేదే. పిల్లలు రాగానే తేలిక పనులు తీస్తారు. గంట, గంటంపావు అయ్యాక గది కదులుతుంది: గొంతులు పెరుగుతాయి, లేచి తిరుగుతారు, ఒకరి పని ఒకరు చూస్తారు. అలసిపోయారు, ఇక ఆపేద్దాం అనిపిస్తుంది. మాంటిస్సోరి దీన్ని దొంగ అలసట అన్నారు. టీచర్ అప్పుడు గంట కొట్టకుండా, బెదరకుండా ఆగితే పది పదిహేను నిమిషాల్లో సద్దుమణిగి, ఆ పూటలో అన్నిటికంటే గట్టి పని అప్పుడు మొదలవుతుంది. పైన చెప్పిన పూసల గొలుసు అలాంటి సమయంలోనే తీశారు. అంతరాయం లేని మూడు గంటలు అడిగేది ఇందుకే. నలభై నిమిషాలకోసారి పీరియడ్ మారే స్కూల్లో ఈ రెండో భాగం పిల్లలకు అందనే అందదు. మీరు సరిగ్గా ఆ అలజడి చూసి వచ్చేశారేమో. పైగా పక్కవాళ్ల పని చూడటం కూడా ఈ గదిలో చదువే. ఆరేళ్లవాళ్లు ఎనిమిదేళ్లవాళ్ల గుణకారం చూసి చూసి, తమ వంతు వచ్చేసరికి సగం తెలుసుకుని ఉంటారు.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ తల్లిదండ్రులు దీనికీ కంగారు పడతారు. ఈ వయసులో చాడీలు పెరుగుతాయి. "ఆంటీ, వాడు నా వంతు తీసుకున్నాడు", "ఆంటీ, తను అబద్ధం చెప్పింది" అని రోజంతా. ఏది న్యాయం, ఏది కాదు అన్న ఆలోచన అప్పుడే మొలకెత్తుతోంది, ఆ చాడీలో వాళ్లు మనల్ని అడిగేది అదే. మేం వెంటనే శిక్ష వెయ్యం, కసరం. "నీకేమనిపించింది? వాడికి చెప్పావా?" అని అడిగి, అవసరమైతే ఇద్దర్నీ కూర్చోబెడతాం. వారానికోసారి అందరూ గుండ్రంగా కూర్చుని గది నియమాల గురించి మాట్లాడుకుంటారు. ఇంట్లోనూ విని వదిలెయ్యకుండా అలాగే అడగండి.

ఇంతా చెప్పాక ఒక గట్టి హెచ్చరిక. మాంటిస్సోరి అన్న పేరు ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, అడ్డు చెప్పేవాళ్లు లేరు. మన రెండు రాష్ట్రాల్లో ఆ పేరుతో పదో తరగతి దాకా మామూలు సిలబస్ చెప్పే బడులు ఎన్నో ఉన్నాయి. కాబట్టి మీ స్కూలును పరీక్షించండి. ఒకే గదిలో ఆరు, ఏడు, ఎనిమిదేళ్లవాళ్లు కలిసి ఉన్నారా? పొద్దున పూట కనీసం రెండున్నర గంటలు గంట కొట్టకుండా పని నడుస్తోందా? సామగ్రి పిల్లల చేతికందే అలమరల్లో ఉందా, అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా? అన్నిటికంటే ముఖ్యం, "గత రెండు వారాల్లో మా పాపకు ఏయే పాఠాలు చూపించారు, వాటిలో ఏది తనంతట తను మళ్లీ తీసింది?" అని టీచర్‌ని అడగండి. మంచి టీచర్ తన రికార్డు తెరిచి, తేదీలతో చెప్తుంది. పాప రోజూ ఏం చేసిందో రాసుకునే పని పుస్తకం చూపిస్తుంది, దాని మీద పాపతో కూర్చుని ఎప్పుడు మాట్లాడిందో చెప్తుంది. "పిల్లలు వాళ్ల వేగంతో నేర్చుకుంటారండీ" అని ఊరుకుంటే అది జవాబు కాదు. స్వేచ్ఛ ఉంది కాబట్టి లెక్క చెప్పాల్సిన పనిలేదు అనుకునే గది మాంటిస్సోరి గది కాదు.

అలాగే ఏడున్నరేళ్లకు పాప ఏ ఒక్క భాషలోనూ చిన్న కథ ధారాళంగా చదవలేకపోతే, లేదా అక్షరాలు తారుమారు చేస్తూ చదవడానికే దూరంగా పారిపోతుంటే, ఆగకండి. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి, తర్వాత డిస్లెక్సియా (చదవడం, రాయడంలో వచ్చే ఇబ్బంది) వంటివి చూసే నిపుణుల దగ్గరికి వెళ్లండి. ఇది ఏ స్కూలుకైనా వర్తిస్తుంది. "తన వేగం" అన్న మాట కింద నిజమైన ఇబ్బందులు మరుగున పడిపోవడం ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు.

ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి ఆధారం ఉందా అని మీవారు అడిగారన్నారు. అమెరికాలో మిల్వాకీ నగరంలోని ఒక ప్రభుత్వ మాంటిస్సోరి స్కూల్లో సీట్లు లాటరీ పద్ధతిలో ఇచ్చేవారు. లాటరీలో సీటు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ పోల్చి ఏంజెలిన్ లిలార్డ్, నికోల్ ఎల్స్‌-క్వెస్ట్ 2006లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. ఐదేళ్ల పిల్లలు చదవడంలోనూ లెక్కల్లోనూ ముందున్నారు. పన్నెండేళ్లవాళ్ల రాతలో వాక్యాల అల్లిక, ఊహ మెరుగ్గా ఉన్నాయి. ఆ వయసుకు లెక్కలు, చదవడం వంటి పరీక్షల్లో మాత్రం పెద్ద తేడా లేదు. అంటే అద్భుతాలు జరగవు, వెనకబడటమూ లేదు. హోంవర్క్ విషయానికొస్తే, ఒకటి రెండు తరగతులకు అసలు ఇవ్వకూడదని కేంద్ర ప్రభుత్వమే 2018 నవంబరులో రాష్ట్రాలకు రాసింది. మీ స్కూలు చేస్తున్నది విడ్డూరమేమీ కాదు.

నాలుగో తరగతి మార్పు గురించి. మార్చాలనుకుంటే మూడో ఏడు పూర్తయ్యాకే మార్చండి, మధ్యలో వద్దు. మొదటి ఏడు పాప గదిలో చిన్నది, రెండో ఏడు మధ్యలో ఉంటుంది, మూడో ఏడు పెద్దక్క. చిన్నవాళ్లకు చూపించేటప్పుడే తనకు తెలిసింది గట్టిపడుతుంది. ఆ ఏడు పోగొట్టుకుంటే రెండేళ్లు పెట్టిన ఖర్చు సగం వృథా.

మారిన పిల్లలకు ఇబ్బంది ఎక్కడొస్తుందో చెప్తాను. లెక్కల్లో దాదాపు రాదు. బోర్డు మీద ఉన్నది వేగంగా నోట్స్‌లోకి ఎక్కించుకోవడం, గంట కొట్టేలోపు పేపర్ పూర్తి చెయ్యడం, పుస్తకంలో ఉన్న మాటల్లోనే జవాబు రాయడం, మాట్లాడకుండా బెంచీలో కూర్చోవడం, ఇవి కష్టం. మూడో భాష కొత్తగా వస్తే అదొకటి. మొదటి కొన్ని నెలలు మార్కులు తగ్గొచ్చు, నీళ్లు తాగడానికి కూడా పర్మిషన్ అడగాలా అని ఏడవొచ్చు. కాబట్టి మూడో ఏడు చివరి టర్మ్‌లో రోజూ పది నిమిషాలు గీతల పుస్తకంలో చూసి రాయడం అలవాటు చేయించండి. వెళ్లబోయే స్కూలు నుంచి పాత ప్రశ్నపత్రాలు రెండు తెచ్చి, గడియారం పెట్టి, ఇదొక ఆటలాంటి నైపుణ్యం అని చెప్పి రాయించండి. మూడో తరగతి పాఠ్యపుస్తకాలు కొని అలమరలో పెడితే తనే చదువుకుంటుంది. మీ స్కూలు టీచర్‌కు ఇప్పుడే చెప్పి ఉంచండి, మేం అలాంటి పిల్లలకు గదిలోనే కొంత తయారీ చేయిస్తాం.

చివరగా అత్తయ్యగారు, ఎక్కాలు. ఆవిడ చెప్పేదాంట్లో నిజం ఉంది. ఎక్కాలు కంఠతా రావాల్సిందే, మా గదిలోనూ వాటిని గుర్తుంచుకోవడానికే ప్రత్యేకంగా బోర్డులు, చార్టులు ఉన్నాయి. గొలుసుతో పరిచి చూసిన ఎక్కాన్ని రాత్రి నాన్నమ్మ పక్కన పడుకుని పాటలా చెప్పుకుంటే మేలే తప్ప హాని లేదు. ఆవిడకు ఆ పని అప్పగించండి, సంతోషిస్తారు. బావతో పోటీ మాత్రం పెట్టొద్దు. మీరు చెయ్యకూడనిది ఒక్కటే: అప్పు తెచ్చుకునే తీసివేత, అంకె దించే భాగహారం ఇంట్లో నేర్పొద్దు. బిళ్లలతో సగం దారిలో ఉన్న పిల్లకు అడ్డదారి చూపిస్తే రెండూ కలగాపులగం అవుతాయి, మర్నాడు గదిలో ఆ సామగ్రి తియ్యడం మానేస్తుంది. ట్యూషన్ వద్దనడానికీ కారణం అదే.

ఈ వారం స్కూలుకు రాసి ఇంకోసారి తరగతి చూస్తానని అడగండి. తొమ్మిదింటికే వెళ్లి పన్నెండు దాకా ఉండనివ్వమనండి. ఒక మూల కూర్చుని, పాపతో మాట్లాడకుండా, ఐదు నిమిషాలకోసారి తను ఏం చేస్తోందో, ఎవరితో ఉందో ఒక్క ముక్క రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని టీచర్‌తో కూర్చోండి. అంతసేపు ఉండనివ్వకపోయినా, రికార్డు చూపించకపోయినా నాకు చెప్పండి, అప్పుడు వేరే స్కూళ్ల గురించి మాట్లాడుకుందాం.